పూలు పైకెళ్ళే వీధి

ఇది సముద్రం దాటిన కథ. మా ముత్తాతలు ఏ నీళ్ళ మీద ఓడెక్కి వెళ్ళారో ఆ నీళ్ళకవతల, ఆపదలో ఉన్న ఒక అమ్మాయిని వెనక్కి తీసుకురావడానికి, ఆ వంశంలో పుట్టిన ఒక యువకుడు ఒంటరిగా బయల్దేరిన కథ. ఇందులో వాన ఉంది. తుపాకులున్నాయి. మనుషులు మాయమైపోయే నగరం ఉంది.

ఇంత చెప్పాక నిజం కూడా చెప్పాలి. నేను విశాఖపట్నంలో విమానం ఎక్కి, కలకత్తాలో మారి, కిటికీ పక్క సీటు దొరక్క, సముద్రం చుక్క కూడా చూడకుండా రంగూన్‌లో దిగాను. సూట్‌కేసులో అమ్మ పెట్టిన ఆవకాయ సీసా పగిలింది. ఉన్న నాలుగు చొక్కాలూ ఎర్రబడ్డాయి. తుపాకులున్న చోట నేను చేసిన పని కొబ్బరికాయల సంచి పట్టుకోవడం. కాబట్టి ఇతిహాసం కోసం వచ్చినవాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు.

ఇందులో పేర్లన్నీ మార్చాను. వీధి పేరు రాయను. ఎందుకో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

మింగళాడోన్

విమానాశ్రయం ఉన్న పేట మింగళాడోన్. బయటికి రాగానే ఏదో లోటు కనిపించింది గానీ అదేమిటో వెంటనే తట్టలేదు. వాన పడుతోంది. టాక్సీలున్నాయి. కాకులు మన కాకుల కంటే లావుగా ఉన్నాయి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కారు పెద్ద రోడ్డెక్కి చాలా దూరం పోయాక తెలిసింది. నా వయసు మగవాడు ఒక్కడు కూడా కనబడలేదు.

బస్టాపుల్లో ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, బడిపిల్లలు. టీ కొట్ల ముందు పొట్టి ప్లాస్టిక్ కుర్చీల్లో తాతలు. మన ఊళ్ళో పనున్నా లేకపోయినా రోడ్డు మీద ఉండే జాతి ఒకటుంది కదా, బైకు మీద ఒక కాలు పెట్టి ఫోన్ చూసుకునే జాతి, అది మొత్తం మాయమైంది. నేనూ ఆ జాతివాణ్ణే కాబట్టి కొంచెం బెంగ అనిపించింది.

టాక్సీ నడిపే ఊ తాన్ గారికి అరవై దాటి ఉంటాయి. ఊ అన్నది పెద్దవాళ్ళ పేరు ముందు పెట్టే గౌరవం. చిన్నప్పుడు ఇండియావాళ్ళ పేటలో పెరిగారట, ముక్కలు ముక్కలుగా హిందీ వచ్చు. వయసెంత అని అడిగారు. ఇరవై నాలుగు అన్నాను. అద్దంలో నన్ను ఒకసారి చూసి, నా వైపు కిటికీ అద్దం పైకి ఎక్కించారు.

కాసేపాగి, "సూట్‌కేసుకి విమానంవాళ్ళు కట్టిన చీటీ ఉంది కదా, అది చింపకు," అన్నారు. "మెడలో వేసుకున్నా ఫరవాలేదు."

నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. అందుకని నేను నవ్వాను. కారులో ఒక్కడే నవ్వితే ఎంత బాగుంటుందో అంత బాగుంది.

తామ్వే: తాళ్ళ వీధి

మామ్మ ఉండేది తామ్వేలో. మామ్మ అంటే మా తాత చెల్లెలు అప్పలనరసమ్మ. మనవాళ్ళు గుంపులుగా తిరిగొచ్చేసిన కాలంలో మా తాత ఓడెక్కాడు, ఆవిడ ఎక్కలేదు. ఆవిడ మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. కొడుకూ కోడలూ మలేషియాలో పనిచేస్తారు. ఇంట్లో మామ్మ, మనవరాలు సుజాత, అంతే. వరస ప్రకారం సుజాత నాకు మరదలు. ఆమెని వెంటబెట్టుకు రమ్మన్నది మా నాన్న ఆజ్ఞ. "అక్కడ కాలేజీ లేదు, బతుకు భద్రం లేదు. ఆ పిల్లని ఎలాగైనా ఒప్పించి తీసుకురా, ఇక్కడ చేర్పిద్దాం," అన్నాడు. నేను దేనికీ ఎవర్నీ ఒప్పించిన చరిత్ర లేదు. టికెట్టు ఆయన కొన్నాడు కాబట్టి వెళ్ళాను.

ఆ వీధిలో ఇళ్ళన్నీ సన్నగా, ఎత్తుగా, నాచు పట్టి ఉంటాయి. లిఫ్టులుండవు. అందుకని ప్రతి అంతస్తు బాల్కనీ నుంచి వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది. కొసన ఒక క్లిప్పు. కింద తాడు లాగితే పైన గంట మోగుతుంది. కూరగాయలో పేపరో క్లిప్పుకి తగిలిస్తే పైకి లాక్కుంటారు. వీధి పొడవునా అవే తాళ్ళు. గాలి లేకపోయినా ఒకటీ అరా కదులుతూనే ఉంటాయి. వీధిలో మనిషి లేడు. పైన ఎవరో ఉన్నారని మాత్రం తెలుస్తుంది.

సుజాత ఫోన్‌లో, "బావా, పచ్చ క్లిప్పు తాడు లాగు," అంది. పచ్చవి రెండున్నాయి. నాకు దగ్గరగా ఉన్నది లాగాను.

గంట మోగింది, ఎదుటి ఇంట్లో, నాలుగో అంతస్తులో. తలుపు దేనికో కొట్టుకున్న చప్పుడు. గిన్నె పడ్డ చప్పుడు. ఒకావిడ బాల్కనీలోకి పరిగెత్తుకొచ్చి సగం శరీరం కిందికి వంచింది. జుట్టు విరబోసుకుని ఉంది. నా ఎత్తు చూసింది, నా రంగు చూసింది. "సూరీ," అంది. గట్టిగా కూడా కాదు, పక్కగదిలో ఉన్నవాణ్ణి పిలిచినట్టు.

నేను మర్యాదగా చెయ్యి ఊపాను. అంతకంటే తెలివైన పని తోచలేదు. ఆవిడ ఇంకాసేపు చూసి, మెల్లిగా వెనక్కి తగ్గింది. వీధిలో కిటికీల వెనక ఎవరెవరో కదిలినట్టయింది.

సుజాత మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది. "అది మనది కాదు బావా. అది ఎవరూ లాగరు."

మెట్లెక్కుతూ చెప్పింది. ఆవిడ గౌరమ్మ, మనవాళ్ళే. కొడుకు సూరిబాబు పని నుంచి వస్తూ బస్టాపులో నిలబడ్డవాడు మళ్ళీ ఇంటికి రాలేదు. కుర్రవాళ్ళని సైన్యంలో చేర్చుకునే చట్టం వచ్చాక అలా చాలామంది ఇంటికి రావడం లేదట. దొరకనివాళ్ళు సరిహద్దు దాటారు. మిగిలినవాళ్ళు ఇంట్లోంచి బయటికి రారు. తీసుకెళ్ళేవాళ్ళని అక్కడ ఎవరూ పేరు పెట్టి అనరు. భుజం మీద రెండు వేళ్ళతో తడతారు. అదే పేరు.

ఇంట్లోకి అడుగుపెట్టగానే మామ్మ నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

"ఒచ్చీసావా. ఏటిరా గనేసూ, ఇలగ పుల్లలాగున్నావు. మీ నాన్న నీకు కూడెట్టడేటి?"

"పెడతాడు మామ్మా. తినేది ఆయనే."

"ఈ కంపేటి?"

"ఆవకాయ. అమ్మ నీకు పంపింది. చొక్కాలకి పట్టింది."

"అయితే సొక్కాలు నానెట్టి పిండుకుంటాను, కూట్లో కలుపుకోడానికి," అంది. మాదీ ఆవిడదీ ఒకే వంశమని అప్పుడు నమ్మకం కలిగింది.

కరెంటు పోయింది. అది రోజులో ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. మామ్మ గోడకి తగిలించిన సంచిలోంచి కాగితం విసనకర్రలు ఓ గుప్పెడు తీసి, పేకముక్కల్లా చూసి, ఒకటి నాకిచ్చింది. "ఇది తీస్కో. ఈయన మంచోడు. గాలి బాగొస్తాది."

విసనకర్ర మీద కళ్ళజోడు పెట్టుకున్న ఒక బర్మా పెద్దమనిషి ఫొటో ఉంది. కింద అక్షరాలు. సుజాత వివరించింది. ఇక్కడ ఎవరైనా పోతే, సాగనంపడానికి వచ్చినవాళ్ళకి పోయినవాళ్ళ పేరుతో విసనకర్రలు పంచుతారు. మనవాళ్ళకీ ఆ అలవాటు అబ్బింది. కరెంటు పోయినప్పుడు రంగూన్ అంతా ఇలా పోయినవాళ్ళ గాలి పీల్చుకుంటూ కూర్చుంటుంది. నేను ఆ పెద్దమనిషికి నమస్కారం పెట్టి విసురుకున్నాను. మామ్మ చేతిలో ఉన్నది ఆవిడ మొగుడిది. వేరేది ముట్టుకోదు.

"బతికున్నన్నాళ్ళు ఒక్కసారి ఇసర్లేదురా నాకు," అంది. "ఇప్పుడు ఇసురుతున్నాడు."

"గౌరమ్మ గారి దగ్గర..." అని మొదలెట్టాను.

"సూరిగాడిది లేదు," అంది మామ్మ. "ఇసనకర్ర రానన్నాళ్ళు తాడు తియ్యదు."

భోజనంలో చారు, ఉప్పుచేప, పక్కన ఙపి అనే చేపల ముద్ద. ఙపి వాసన ముందు మన ఉప్పుచేప అత్తరు. తిన్నాక అదే కావాలనిపించింది. చేతులు కడుక్కున్నాక నాన్న మాట చెప్పాను. సుజాత మామ్మ వైపు చూసింది. మామ్మ విసనకర్ర వైపు చూసింది.

"రానని అనడం లేదు బావా," అంది సుజాత. "ఒక రోజు ఉంది. అది వెళ్ళనీ. అప్పుడు చెప్తాను."

విదేశీయులు ఇళ్ళల్లో పడుకోకూడదు, లాడ్జిలోనే ఉండాలి. చీకటి పడకముందే మామ్మ నన్ను పంపేసింది. పంపేముందు ఒక పసుప్పచ్చ టోపీ నెత్తిన పెట్టింది. లుంగీ కట్టొద్దు, ప్యాంటే వేసుకో, రోడ్డు మీద ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడు, దారి తప్పినట్టు కనబడు అని నియమాలు. అక్కడ నా రంగువాడు, నా వయసువాడు క్షేమంగా ఉండాలంటే తెలివితక్కువగా కనబడాలి. దానికి నేను పెద్దగా కష్టపడలేదు.

సేక్కాన్: రేవు

మర్నాడు సుజాత నన్ను సేక్కాన్ రేవుకి తీసుకెళ్ళింది. మా ముత్తాత దిగిన చోటట. నేను కాసేపు గంభీరంగా నిలబడి ఏదైనా అనిపిస్తుందేమో చూశాను. ఎర్రమట్టి నది, క్రేన్లు, తుప్పు. కాకులన్నీ ఒకేసారి లేచి, ఒక్కటి కూడా అరవకుండా, మళ్ళీ అక్కడే వాలాయి. అది మాత్రం బాగా లేదు.

రేవు దగ్గర కొట్లో మొహింగా తిన్నాం. చేపల పులుసులో సేమ్యాలాంటి బియ్యపు పోగులు వేసి, అరటి దూట ముక్కలు వేసి, పొద్దున్నే తింటారు. గిన్నె మూడు వేలు. గుండె ఆగింది గానీ అవి రూపాయలు కావు, వాళ్ళ చాట్లు. మన లెక్కలో విశాఖలో ఇడ్లీ ధరే. అడక్కుండానే పెట్టే పల్చని టీ ఉచితం, ఎన్నిసార్లయినా. ఈ ఒక్క ఆచారం కోసం నేను ఆ దేశాన్ని గౌరవిస్తాను.

కొట్టు ఆవిడ సుజాతని ఏదో పిలిచి గిన్నె పెట్టింది. కోపంగా కాదు, మామూలుగా. ఆ మాటలో "కలా" అని వినబడింది.

"అంటే ఏమిటి?" అన్నాను.

"నల్లోళ్ళు. ఇండియావోళ్ళు. పరాయోళ్ళు. మూడిటికీ ఒకటే మాట. సింపుల్ కదా," అంది సుజాత. "మా స్కూల్లో టీచర్ కూడా అలాగే పిలిచేది. డాన్సులో వెనక వరస. ఫొటోలో వెనక వరస. నేను పొద్దున్నే తనకా మందంగా పూసుకునేదాన్ని."

తనకా అంటే చెక్క అరగదీసి బుగ్గలకి రాసుకునే పూత, అక్కడ అందరూ రాసుకుంటారు.

"తెల్లబడ్డావా?"

"గోడకి సున్నం కొట్టినట్టుండేది బావా. కానీ లోపలున్న గోడ అదే."

కాలేజీలో చేరిన మొదటి ఏడాదే, సైన్యం అధికారం లాక్కుందని ఊరంతా రోడ్ల మీదికొచ్చింది. సుజాతా వెళ్ళింది. పక్కన నడుస్తున్న చో అనే బర్మా పిల్ల, నడుస్తూ నడుస్తూ ఆగి, నిన్ను ఇన్నాళ్ళూ ఆ మాటతో పిలిచాను, క్షమించు అందట. మర్నాడు సుజాత ఒక అట్టముక్క పట్టుకుంది. "నన్ను నా పేరుతో పిలవండి" అని రాసింది.

"పిలిచారా?"

"ఫొటోలు తీశారు."

ఆ తరవాత రోడ్లు ఖాళీ అయ్యాయి. చాలామందిలాగే సుజాతా కాలేజీకి తిరిగి వెళ్ళనంది. ఇప్పుడు ఫోన్‌లో పాఠాలు వింటుంది, కరెంటున్నప్పుడు. ఖాళీగా ఇంట్లో కూర్చున్న ఆ రోజుల్లో ఒకటి తట్టిందట. మన గుడిలో పండక్కి భోజనాలు పెడితే వీధులూడ్చేవాళ్ళ పేట నుంచి వచ్చినవాళ్ళకి చివర వేరే పంక్తి. వాళ్ళూ తెలుగువాళ్ళే. వాళ్ళని మనవాళ్ళు పేరు పెట్టి పిలవరు.

"నా అట్టముక్క మీద రాసింది వాళ్ళు మనకి చూపించినా సరిపోయేది. నెక్స్ట్ పండక్కి నేను ఆకు తీసుకెళ్ళి ఆ పంక్తిలో కూర్చున్నాను. గుడి పెద్దలు అరిచారు. మామ్మ నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఒకటే పంక్తి. పప్పు అందరికీ పల్చనే."

చో ఎక్కడుందని అడిగాను. సుజాత నదిని చూసింది. "తెలీదు. విసనకర్ర కూడా రాలేదు."

లేచి వెళ్ళి ఒక కిళ్ళీ కొనుక్కున్నాను. దాని రసం మింగకూడదని అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసట. మిగతా ఉదయమంతా క్రేను స్తంభం పట్టుకుని గడిపాను.

తిరిగొచ్చేటప్పుడు ఆమె ఆ "ఒక రోజు" గురించి చెప్పింది. ఏడాదిలో ఒక రోజు అక్కడ ఆడవాళ్ళు తల్లో పువ్వు పెట్టుకుంటే అది ఒక మాట చెప్పడంతో సమానం. ఏ మాటో, ఎవరి కోసమో నాకు చెప్పింది, నేను రాయను. పువ్వు పెట్టుకుని బయటికొచ్చినవాళ్ళని పట్టుకెళ్ళారు. పూలమ్మేవాళ్ళనీ పట్టుకెళ్ళారు. ఇప్పుడు ఆ రోజు ఊరిలో పువ్వు కనబడదు.

"కానీ మనవాళ్ళు రోజూ పెట్టుకుంటారు కదా," అన్నాను.

"అదే బావా. అడిగితే మా ఆచారం అంటాం. ఆరోజు గుడికి నడిచెళ్తాం, అమ్మవారికి కొబ్బరికాయలు కొట్టడానికి. పెళ్ళయినవాళ్ళు, పెళ్ళికాని పిల్లలు. ఊడ్చే పేట వాళ్ళూ వస్తారు. మొగుడు పోయినవాళ్ళు మాత్రం వద్దన్నాను. వాళ్ళకి పువ్వు ఆచారం కాదుగా. అది అబద్ధమైపోతుంది."

"దొరికిపోతే?"

"మీ నాన్న దగ్గరికి నువ్వొక్కడివే వెళ్తావు," అంది. బావని ఆటపట్టించే గొంతుతోనే అంది.

పూలు పైకెళ్ళడం

ఆ రోజుకి ముందురోజు మధ్యాహ్నం గుడి నుంచి రెండు బుట్టలు మామ్మ ఇంటికి వచ్చాయి. పైన అరటాకులు, కింద మల్లెలు. సుజాత మాలలు ముక్కలు ముక్కలుగా తెంపి సంచిలో వేసుకుంది. నన్ను పిలిచింది. పసుప్పచ్చ టోపీవాడు పక్కనుంటే టూరిస్టుకి వీధి చూపిస్తున్నట్టుంటుందట. నా జీవితంలో మొదటిసారి ఎవరికైనా పనికొచ్చాను, అదీ టోపీ వల్ల.

వాన ఆగింది. కరెంటు లేదు. వీధిలో మేమిద్దరమే. సుజాత ఒక క్లిప్పుకి చారెడు మల్లెలు తగిలించి, తాడు ఒక్కసారి లాగి, ఆగకుండా తరవాతి దాని దగ్గరికి నడిచింది. పైన గంట. తాడు బిగుసుకుంది. పూలు లేచాయి. మొదటి అంతస్తు, రెండో అంతస్తు, పైన ఒక చెయ్యి, అంతే. ముఖం లేదు. మళ్ళీ గంట, మళ్ళీ పూలు. కాసేపటికి నా ముందూ వెనకా తెల్లటి పూలగుత్తులు గోడల వెంబడి వాటంతటవే పాకుతూ పోతున్నాయి. ఎక్కడా మాట లేదు. గంటలే.

నాకు వెన్నులో చల్లగా అయింది. వానకి తడిసిన చొక్కా కారణం కావచ్చు.

"వీళ్ళు రేపు బయటికొస్తారా?" అని గుసగుసగా అడిగాను.

"రారు. ఇంట్లోనే పెట్టుకుంటారు. కర్టెన్ వేసుకుని."

"ఎవరూ చూడకపోతే ఎందుకు మరి?"

"వాళ్ళకి తెలుస్తుంది బావా. పక్కింట్లో గంట మోగిందని కూడా తెలుస్తుంది."

గౌరమ్మ తాడు దగ్గర సుజాత ఆగింది. లాగలేదు. క్లిప్పుకి పూలు మాత్రం తగిలించి వదిలేసింది. మేము వీధి చివరికి వెళ్ళి తిరిగి చూసినప్పుడు అవి అక్కడే, మనిషి ఎత్తులో, మెల్లిగా తిరుగుతూ ఉన్నాయి.

కూడలి

ఆరోజు పొద్దున్న లాడ్జి నుంచి వస్తుంటే ఊరంతా ఊపిరి బిగబట్టినట్టుంది. మామ్మ ఇంటి కింద పదిహేను మంది దాకా ఆడవాళ్ళు చేరారు. పట్టుచీరలు, కుంకుమ, తలనిండా మల్లెలు. పెళ్ళికి వెళ్తున్నట్టున్నారు, ముఖాలు మాత్రం పరీక్షకి వెళ్తున్నట్టున్నాయి. నాకు కొబ్బరికాయల సంచి ఇచ్చారు.

అప్పుడు మెట్ల మీద చప్పుడైంది. మామ్మ దిగింది. వెలిసిన నేత చీర, బోడి నుదురు, బోసి చేతులు. తెల్లటి ముడిలో ఒక మూర మల్లెలు.

ఆవిడ తలలో పువ్వు అక్కడున్నవాళ్ళెవరూ చాలా ఏళ్ళుగా చూడలేదు. ఒకావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మామ్మా," అంది సుజాత మెల్లిగా. "నీకు చెల్లదని చెప్పాను కదా."

"సెల్లదనే ఎట్టుకున్నాను," అంది మామ్మ. "మీరందరూ దినామూ ఎట్టుకునీవోలే. మీరు ఇయ్యేల కొత్తగా సెప్పిందేటి? నడండి, ఎండెక్కుతాంది."

ఎండ అస్సలు లేదు. సుజాత ఆవిణ్ణి ఇంకాసేపు చూసింది. దగ్గరికెళ్ళి, జారిపోతున్న మాల సరిచేసి, పిన్ను గట్టిగా గుచ్చింది.

పెద్దరోడ్డు కలిసే కూడలిలో లారీ ఉంది. యూనిఫాంలో కొందరు. వాళ్ళకి పెద్దలా ఉన్న మనిషి గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యెత్తాడు, గింజలున్న చెయ్యే. ఆగాం.

అతను తల మీద వేలు తిప్పి ఏదో అడిగాడు. సుజాత ముందుకెళ్ళి జవాబు చెప్పింది. బర్మా భాషలో నాకు తెలిసిన మాట ఆ జవాబులో ఒక్కటే ఉంది: కలా. మేము కలా వాళ్ళం, ఇది మా ఆచారం అని చెప్పానని తరవాత చెప్పింది. ఏ మాట వద్దని అట్టముక్క పట్టుకుందో ఆ మాటనే గుర్తింపు కార్డు తీసి చూపించినట్టు చూపించింది.

అతనికి నమ్మకం కుదరలేదు. వెనక్కి తిరిగి ఒకణ్ణి పిలిచాడు. లారీ వెనక నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. నా ఎత్తు, నా రంగు, నా వయసు. ఎదురుగా అద్దం పెట్టినట్టుంది, అద్దంలో నాకు తుపాకీ ఉంది. నా వెనక ఆడవాళ్ళలో ఎవరిదో ఊపిరి ఆగిపోయిన చప్పుడు వినబడింది. అప్పుడు అర్థమైంది. సూరిబాబు.

అతను మమ్మల్నెవరినీ చూడలేదు. గాలిలోకి చూస్తున్నాడు. కుర్చీలో మనిషి మా వరసని చూపించి ఏదో అడిగాడు. నువ్వూ వాళ్ళవాడివే కదా, ఇది ఆచారమేనా అని. ఆ మాటలన్నీ సుజాత తరవాత చెప్పినవే. తరవాత గింజలున్న వేలు మామ్మ మీద ఆగింది. ఈ ముసలిదానికి కూడానా?

అక్కడున్న యూనిఫాంలలో మొగుడు పోయిన తెలుగామె తలలో పువ్వు ఉండదని తెలిసినవాడు వాడొక్కడే. వాడికి తెలుసు. మామ్మ భర్త అంత్యక్రియల్లో విసనకర్రలు పంచింది చిన్నప్పుడు వాడేనట. వాడి కళ్ళు మొదటిసారి కదిలి మామ్మ బోడి నుదుటి మీద, తరవాత పూల మీద ఆగాయి.

మామ్మ నా వైపు తిరిగింది. వీధంతా వినబడేలా తెలుగులో నాతో మాట్లాడింది.

"గనేసూ, ఆ గౌరమ్మ తాడు ఇంకా ఏలాడతాందిరా. తియ్యలేదు. బాగానే తింటంది, గాబరా లేదు. మోకాలు నొప్పి, అంతే."

సంచిలో కొబ్బరికాయలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి. సంచి రెండు చేతులా పట్టుకున్నాను. "సరే మామ్మా," అన్నాను.

సూరిబాబు గాలిలోకి చూస్తూ రెండు మాటలన్నాడు. అవును. అందరూ పెట్టుకుంటారు.

కుర్చీలో మనిషి గింజల తొక్క ఊశాడు. చెయ్యి ఊపాడు. మేము నడిచాం. వెనక్కి చూడొద్దని సుజాత పళ్ళబిగువున అంది. చూడలేదు. ఆ కూడలిలో ఒక అబద్ధం చెప్పారని తెలిసినవాళ్ళందరూ తెలుగువాళ్ళే. అమ్మవారి ముందు నేను కొట్టిన మొదటి కాయ కుళ్ళింది. రెండోది బాగానే ఉంది.

తిరిగొచ్చాక మామ్మ ఇంటికెక్కకుండా నేరుగా వెళ్ళి ఎదుటి తాడు పట్టుకుని లాగింది. గంట మోగింది. తలుపు చప్పుడు, పరుగు. గౌరమ్మ కిందికి వంగింది. క్లిప్పుకి నిన్నటి పూలు ఇంకా ఉన్నాయి.

"సూసొచ్చాను," అంది మామ్మ పైకి చూస్తూ. "ఉన్నాడు."

పైన గౌరమ్మ తాడు పట్టుకుంది. తరవాత, "సన్నబడ్డాడేటి?"

"లేదు. నల్లబడ్డాడు."

"ఆడు ఎప్పుడూ నలుపే కదప్పా," అంది గౌరమ్మ. నవ్విందో ఏడ్చిందో అంత ఎత్తు నుంచి తెలియలేదు. తాడు కదిలింది. వాడిన మల్లెలు మెల్లిగా పైకి వెళ్ళాయి.

తిరుగు ప్రయాణం

సుజాత రాలేదు. "వచ్చే ఏడు ఆ రోజు మామ్మకి పిన్ను ఎవరు గుచ్చుతారు?" అంది. నాన్నకి ఏం చెప్పాలని అడిగితే, "నువ్వు ఒప్పించలేకపోయావని చెప్పు. ఆయన నమ్ముతారు," అంది. ఆయన నమ్మాడు, వెంటనే.

టాక్సీ ఎక్కేముందు మామ్మ తన ముడిలోంచి నాలుగు మల్లెలు తెంపి నా చొక్కా జేబులో వేసింది. మీ తాత ఫొటో దగ్గర పెట్టు, ఆడి సెల్లెలు ఎట్టుకుందని సెప్పు అంది. మింగళాడోన్ దాకా జేబు మీద చెయ్యి తియ్యలేదు. అక్కడ సంచి వెతికారు, టోపీ వెతికారు, జేబు వెతకలేదు.

కలకత్తాలో వెతికారు. బల్ల వెనక ఆయన ఆ మల్లెలు రెండు వేళ్ళతో తీసి పక్కనున్న డబ్బాలో వేశాడు. పూలు కూడదు అన్నాడు. నేను ఉలిక్కిపడి, ఎందుకని అడిగాను. పురుగులుంటాయి అన్నాడు. విదేశాల నుంచి పూలు, మొక్కలు, విత్తనాలు తెచ్చుకోవాలంటే ముందే అనుమతి తీసుకోవాలట. వాడినవైనా అంతే.